గెడ్డను తెల్లవారుజామున చూడాలి

విశాఖలో మా లేఅవుటు చివర ఒక కల్వర్టు, దాని కింద ఒక గెడ్డ. ఇతర జిల్లాలవారి కోసం ఒక మాట: మీరు వాగు, వంక అనేదాన్నే మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటాం. మొన్న మే నెలలో ఒకరోజు ఉదయం 8 గంటలకు ఆ కల్వర్టు పిట్టగోడ మీద చేతులు ఆనించి కిందికి చూసి పొంగిపోయాను. రోహిణి కార్తె. గట్టి వాన పడి చాలా వారాలైంది. అయినా గెడ్డ పారుతోంది.

ముప్ఫై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, పారే నీటిని ఊరికే చూసి రాలేను. కల్వర్టు నుంచి దిగువన ఉన్న కానుగ చెట్టు దాకా టేపుతో కొలిస్తే 10 మీటర్లు. ఎండిన వేపపుల్ల ఒకటి నీళ్లలో వేసి గడియారం పట్టుకున్నాను. 40 సెకన్లకు చెట్టు దాటింది. పాయ వెడల్పు 1.4 మీటర్లు, లోతు సగటున 6 సెంటీమీటర్లు. పై నీరు పోయినంత జోరుగా అడుగు నీరు పోదు కాబట్టి పుల్ల వేగంలో 85 శాతమే లెక్కలోకి తీసుకోవాలి. అలా కడితే సెకనుకు సుమారు 18 లీటర్లు. రోజుకు 15 లక్షల లీటర్ల పైమాటే. ఇంటికి వచ్చి మా ఆవిడకు ఈ అంకె గర్వంగా చెప్పాను. మన కొండ ఇంకా బతికే ఉంది, మండు వేసవిలో కూడా గెడ్డకు నీళ్లిస్తోంది అన్నాను.

"కొలిచారు సరే, వాసన చూశారా?" అంది.

మర్నాడు తెల్లవారుజామున 4 గంటలకు టార్చిలైటు పట్టుకుని వెళ్లాను. వేపపుల్ల తేలేంత లోతు లేదు. కల్వర్టు తళం (అడుగు గచ్చు) అంచు నుంచి సన్నటి ధార ఒకటి జారుతోంది. దాని కింద 15 లీటర్ల బకెట్టు పెడితే నిండడానికి 10 సెకన్లు పట్టింది. సెకనుకు లీటరున్నర. నిన్న ఉదయం చూసినదాంట్లో పన్నెండో వంతు. ఆ రోజంతా రెండేసి గంటలకు వెళ్లి చూసి వచ్చాను (రిటైరవడంలో ఉన్న సౌకర్యం ఇది). ఐదున్నర నుంచి నీరు పెరగడం మొదలైంది. ఎనిమిదికి నిండుగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి పలచబడింది. రాత్రి ఎనిమిదికి మళ్లీ పుంజుకుంది. మా గెడ్డ కొండ చెప్పినట్టు పారడం లేదు. మా స్నానాలు, అంట్లు, బట్టలు చెప్పినట్టు పారుతోంది.

బకెట్టు గురించి ఇంకొక సంగతి. అది అక్కడ పట్టిందంటేనే అనుమానించాలి. కల్వర్టు కట్టిన రోజుల్లో దాని తళం గెడ్డ అడుగుతో సమంగా ఉండేది, అది నేను చూశాను. ఇప్పుడు తళం దిగువన గెడ్డ అడుగున్నర లోతుకు దిగిపోయింది. వేసవిలో సన్నటి ధారగా మిగిలిన నీరే వానాకాలంలో నేలను అడుగున్నర తోడుకుపోయింది. ఒడ్డున ఉన్న కానుగ చెట్టు వేళ్లు సగం గాలిలో ఉన్నాయి. మా ప్రాంతం ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను వాళ్లను ముందు ఆ వేళ్ల దగ్గరికే తీసుకెళతాను.

భూమిని చదును చేసి ఇళ్లు కడితే దాని చుట్టూ ఉన్న నీటి సంసారం ఏమవుతుందో తేల్చడానికి మనవాళ్లు వానాకాలంలో బయల్దేరతారు. మోకాలి లోతు నీళ్లు, ఆగిపోయిన ఆటోలు, ఫొటోలు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో చూసినవి అవే. ఆ వరద అబద్ధమని కాదు. కానీ తుపాను రోజున ఆరోగ్యంగా ఉన్న గెడ్డ కూడా పొంగుతుంది, రోగంతో ఉన్నదీ పొంగుతుంది. రెండింటికీ తేడా తెలిసేది వేసవిలో. భాద్రపదంలో కొండ మీద పడి మట్టిలోకి దిగిన నీరు, రాతి పగుళ్లలో నెమ్మదిగా నడిచి వైశాఖంలో బయటికి వస్తుంది. దాన్నే మన పెద్దలు ఊట అన్నారు. ఆ ఊట ఎంత మిగిలిందన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష కూడా పగలు చేయకూడదు, నాలాగా మోసపోతారు. ఊళ్లో కుళాయిలు కట్టి ఉన్న వేళ చేయాలి.

సిటీ బస్సులో కండక్టరు స్టాపుల పేర్లు పిలుస్తుంటే నాకు నీటి పటం చదువుతున్నట్టే ఉంటుంది. సీతమ్మధార. మాధవధార. హనుమంతవాక: వాక అంటే ఏరు. అరిలోవ, ముడసర్లోవ: లోవ అంటే కొండల నడుమ పల్లం. రైలు పట్టాల పక్కన చావులమదుం: మదుం అంటే నీళ్లు పోయే తూము. మా పూర్వులు ఊరికి పేరు పెట్టేటప్పుడు ముందు నీరు ఎటు పోతుందో చూశారు. ఇప్పటి లేఅవుట్ల పేర్లలో 'వ్యాలీ'లూ 'రివర్ వ్యూ'లూ ఉంటాయి గానీ వాటిలో ఏ ఒక్కటీ నీటిని చూసి పెట్టింది కాదు.

సింహాచలం కొండనే తీసుకోండి. ఒక పక్క గుడి దగ్గర గంగధార, ఇంకొక పక్క దిగువన మాధవధార. మామూలు కొండకు ఇన్ని ధారలు ఎక్కడివి? ఆ కొండలు ఖొండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. ఎండకూ వానకూ పై పొరలు పొడిబారి, పగిలి, ఎర్రమట్టిగా మారడం దాని స్వభావం. రాయికీ మట్టికీ మధ్య ఉన్న ఆ శిథిలమైన పొరే నీళ్లను పట్టి ఉంచుతుంది. దాని మీద పొదలూ ఆకుతుక్కూ ఉంటే ఇంకా మంచిది. కొండ చరియను యంత్రంతో చెక్కి మెట్లు మెట్లుగా ప్లాట్లు చేసినప్పుడు మనం "కొండ ఎత్తు తగ్గింది, అందం పోయింది" అని బాధపడతాం. పోయింది అందం ఒక్కటే కాదు, నీళ్ల మూట. ఆ ఎర్రమట్టి తొలి వానకు కొట్టుకొచ్చి కిందనున్న చెరువులో చేరుతుంది. నీరు దాచే పొర పైన పోయింది, నీరు నిలిచే చోటు కింద పూడింది. ఒక్క పనితో రెండు నష్టాలు.

మా నాన్నగారు రెవెన్యూ శాఖలో సర్వేయరు. గొలుసు, క్రాస్ స్టాఫ్, మడతలు పడ్డ గ్రామ పటాలు, ఇవే ఆయన ఆస్తి. నేను ఈ 200 గజాలు కొన్నప్పుడు లేఅవుటు ప్లాను తెచ్చి చూపించాను. ఆయన ధర అడగలేదు, రోడ్డు ఎంత వెడల్పో అడగలేదు. "గెడ్డ ఏ పక్క?" అన్నారు. గెడ్డ లేదండీ, ఈ మూల డ్రెయిన్ ఉంది అని చూపించాను. "పేరు మార్చారంటే పని కూడా మార్చేస్తారు" అని ప్లాను మడిచి ఇచ్చేశారు. ఆయన పోయాక ఆ ఊరి పాత కొలతల పుస్తకం తీసి చూశాను. గెడ్డ పోరంబోకు అక్కడ 60 లింకుల వెడల్పు. 100 లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు, కాబట్టి 60 లింకులంటే సుమారు 12 మీటర్లు. ఈ రోజు రెండు సిమెంటు గోడల మధ్య ఆ గెడ్డకు మిగిలింది 3 మీటర్లు.

ఇక్కడ చదివేవాళ్లు ఆక్రమణల మీద కోపం తెచ్చుకోవడానికి సిద్ధమవుతారని తెలుసు. నాకూ కోపమే. సుప్రీంకోర్టు 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో చెరువు భూములను ఇళ్ల స్థలాలకు ఇవ్వకూడదని చెప్పింది. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. కానీ నా బాధ వేరు. ఆ తొమ్మిది మీటర్లూ తిరిగి ఇచ్చేస్తే వరద కాస్త సర్దుకుంటుంది, ఊట మాత్రం తిరిగి రాదు. ఎందుకంటే గెడ్డకు నీరిచ్చేది గెడ్డ పోరంబోకు కాదు, దానికి రెండు పక్కలా ఉన్న వాలు భూములు. అవి పట్టా భూములు. వాటిలో ఇళ్లు కట్టినవాళ్లందరూ డబ్బిచ్చి కొని, రిజిస్ట్రేషన్ చేయించి, ప్లాను మంజూరు చేయించి, పన్ను కడుతున్నవాళ్లు. నేను కూడా. మా గెడ్డకు ఎక్కువ హాని చేసింది చట్టాన్ని మీరినవాళ్లు కాదు. చట్టం ప్రకారం నడుచుకున్న మేమే.

ఎలాగో లెక్క చెబుతాను. గట్టి వానకు ఒక చోటికి ఎంత నీరు చేరుతుందో అంచనా కట్టడానికి ఇంజినీర్లు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ వాడుతున్న చిన్న సూత్రం ఉంది. నేల విస్తీర్ణాన్ని హెక్టార్లలో, వాన జోరును గంటకు మిల్లీమీటర్లలో తీసుకుని గుణించి, పడిన నీటిలో ఎన్నో వంతు పైపైనే పారిపోతుందో ఆ భిన్నంతో మళ్లీ గుణించి, 360తో భాగిస్తే సెకనుకు ఇన్ని ఘనపు మీటర్లని వస్తుంది. 100 హెక్టార్ల లోవ, గంటకు 50 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. పొదలు, తోటలు ఉన్నప్పుడు పారేది ఐదో వంతే అనుకుంటే కల్వర్టు దగ్గరికి వచ్చేది సెకనుకు 2.8 ఘనపు మీటర్లు. అదే లోవలో డాబాలు, రోడ్లు, సిమెంటు వాకిళ్లు వచ్చి ఆ భిన్నం 0.6 అయితే 8.3. వాన పెరగలేదు, మేఘం మారలేదు, నీరు మూడింతలైంది. పైగా ఇదివరకు గంట పట్టే ప్రయాణం పావుగంటలో ముగుస్తుంది. కానుగ వేళ్లు గాలిలో వేలాడేది అందుకే. ఇక ఆ మూడింతలుగా పరుగెత్తి పోయినదంతా మట్టిలోకి దిగనిది. మేలో ఊటగా రావలసింది ఆగస్టులోనే సముద్రంలో కలిసిపోయింది.

మరి ఇంకుడు గుంతలు లేవా అంటారు. ఉన్నాయి. మా ఇంట్లోనూ ఉంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు తవ్వించాం. ప్లాను కోసం దాన్ని ఫొటో తీయించాం. గుంత మొత్తం 1,500 లీటర్లు. కానీ రాళ్లూ ఇసుకా నింపాక వాటి సందుల్లో నీటికి మిగిలేది నూటికి 40 వంతులు, అంటే 600 లీటర్లు. మా 200 గజాలు 167 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన, వాతావరణ శాఖ భాషలో 'భారీ వర్షం', పడితే దాని మీద పడే నీరు 16,700 లీటర్లు. వాన పడుతున్నంతసేపూ గుంత గోడలు పీల్చుకునేది కూడా కలుపుకుని ఉదారంగా రెట్టింపు చేసినా, మా గుంత పట్టేది పద్నాలుగో వంతు. అదీ శుభ్రంగా ఉంటే. మూడేళ్లలో మా గుంత బురదతో కూరుకుపోయింది. ఆ పైన దాని మీద బండ పరిచి తులసికోట కట్టుకున్నాం. ఇప్పటికీ మా ఇల్లు కాగితం మీద నీటిని కాపాడుతున్న ఇల్లే.

నిరుడు వానలకు ముందు పెరట్లో సిమెంటు 30 చదరపు మీటర్ల మేర పగలగొట్టించి, నేలను 15 సెంటీమీటర్లు దించి, డాబా మీది గొట్టాన్ని అటు తిప్పాను. అందులో 4,500 లీటర్లు నిలుస్తాయి. గుంత కన్నా ఏడున్నర రెట్లు, ఖర్చు అందులో సగం. పక్కింటాయన "మాస్టారూ, దోమలు రావా?" అని అడిగారు. ఒక పూటలో ఇంకిపోయే నీటిలో దోమ పిల్లలు పెరగవు, వాటికి వారం రోజులు కావాలి. ఆయన నమ్మలేదు, ఇప్పటికీ ఆ వైపు కిటికీ మూసే ఉంచుతారు.

అమెరికాలో 1990లలో టామ్ ష్యూలర్ అనే ఆయన, ఆయన సహచరులు చిన్న చిన్న ఏర్ల మీద జరిగిన పరిశోధనలను పోగేసి ఒక మాట తేల్చారు: ఏటికి నీరిచ్చే పరీవాహక భూమిలో నీరు ఇంకని కప్పు, అంటే డాబాలు, రోడ్లు, సిమెంటు, నూటికి 10 దాటేసరికి ఏరు బలహీనపడుతుంది, 25 దాటితే కోలుకోలేనంతగా చెడుతుంది. ఈ అంకెలను కొందరు మంత్రంలా వల్లిస్తారు. నేను అంత దూరం పోను. ఏడాది పొడవునా చినుకులు పడే చల్లటి దేశపు ఏరు వేరు, నాలుగు నెలల్లోనే వానలన్నీ కురిపించుకునే మన ఖొండలైట్ కొండ వేరు. అయినా ఆ అంకెల్లో నన్ను ఆపేసింది, మొదటి గీత ఎంత కిందనుందో అన్న సంగతి. పదో వంతు. ఆ దశలో ఆ ప్రాంతాన్ని చూస్తే ఎవరికీ 'ఊరు' అనిపించదు. రెండు మూడు రోడ్లు, అక్కడక్కడా ఇళ్లు, మిగిలినదంతా పచ్చదనం. "ఇంకా బోలెడు ఖాళీ ఉంది కదా" అనుకునే దశ. మేం ఇక్కడికి వచ్చినప్పుడు అన్న మాట అదే.

ఈ అంకె దగ్గరే ఒక అపార్థం కూడా మొదలవుతుంది. కప్పు తక్కువగా ఉండాలంటే ఇళ్లు పలచగా, విశాలంగా కట్టాలి, అపార్ట్‌మెంట్లు రాకూడదు అని తీర్మానించేస్తారు. నేనూ ఒకప్పుడు మా వీధికి ఎదురుగా లేచిన ఐదంతస్తుల భవనాన్ని తిట్టుకున్నవాణ్ణే. తర్వాత లెక్క వేశాను. అందులో 20 కుటుంబాలు సుమారు 1,000 గజాల్లో ఉన్నాయి. మావంటి 20 కుటుంబాలు 200 గజాల చొప్పున 4,000 గజాలు ఆక్రమించాం, రోడ్లు అదనం. తలకింత అని చూస్తే గెడ్డకు మాకన్నా వాళ్లే నయం. అయితే ఒక షరతు: వాళ్లు మిగిల్చిన 3,000 గజాలూ మట్టిగానే ఉండాలి. మన దగ్గర జరిగేది అది కాదు. పక్కపక్కనే లేఅవుటూ వస్తుంది, అపార్ట్‌మెంటూ వస్తుంది, మిగిలిన చోట కారు షెడ్డు వస్తుంది.

ఎందుకిలా అంటే లెక్క చూసేవాళ్లు లేరు కాబట్టి. మన పర్యావరణ అనుమతుల విధానం 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ మీద నడుస్తోంది. భవనాల విషయంలో నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పరిశీలన మొదలవుతుంది. అంతకన్నా చిన్నవాటికి మామూలు ప్లాను మంజూరు చాలు. ఒకే లోవలో 5,000 చదరపు మీటర్లవి ఇరవై వచ్చాయనుకోండి, మొత్తం లక్ష అవుతుంది, ఒక్కదానికీ పరీక్ష ఉండదు. పరీక్షకు నిలబడే పెద్దది కూడా తన సరిహద్దు గోడ లోపల ఏం జరుగుతుందో చెబుతుందే గానీ, తాను రాకముందే ఆ గెడ్డ ఎంత భారం మోస్తోందో చెప్పదు. తూకం వేసేటప్పుడు ఎద్దుల బండి మీద ఇప్పటికే ఎన్ని బస్తాలున్నాయో చూడకుండా, కొత్త బస్తా ఒక్కటీ తేలికగా ఉందా లేదా అని చూస్తున్నాం.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. గెడ్డకొక ఖాతా పుస్తకం. విశాఖ చుట్టూ ఏ గెడ్డ నీరు ఏ కొండ నుంచి వస్తుందో సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో నేల ఎత్తులు చూపే గీతలను బట్టి ఒక గీత గీయవచ్చు. ఆ గీత లోపల ఎన్ని హెక్టార్లు, అందులో ఇప్పటికి ఎన్ని కప్పేశాం, ఇంకా ఎన్ని కప్పవచ్చు. ప్లాను మంజూరు చేసినప్పుడల్లా ఆ ఖాతాలో ఖర్చు రాయాలి. ఎవరైనా సిమెంటు తీసేసి మట్టి చేస్తే జమ రాయాలి. ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడవచ్చు, పాత సంవత్సరాలవీ చూడవచ్చు. నేను మా గెడ్డకు అలా గీసి గళ్ల కాగితం మీద లెక్కపెట్టాను. మూడు రోజులు పట్టింది, కళ్లు లాగాయి. పనిగా చేసేవాళ్లకు ఒక పూట.

ఖాతా పక్కనే రోగి నాడి కూడా చూడాలి. ఏటా మే నెలలో తెల్లవారుజామున నీరు ఎంత ఉంది. ఆ నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంత, చేపలు బతకడానికి లీటరుకు 4 మిల్లీగ్రాములైనా ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. పరికరం లేకపోతే రాళ్లు ఎత్తి చూడండి. తూనీగ పిల్లలు కనిపిస్తే కాస్త ధైర్యం. ఎర్రటి నూలు పోగుల్లాంటి పురుగులు మాత్రమే బురదలో మెలికలు తిరుగుతుంటే ఆ నీటికి ఊపిరి ఆడటం లేదని. ఇది ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల పని. చేయించాను కూడా, బడిలో ఉన్న చివరి ఏడాది. చెప్పులు పోగొట్టుకుని వచ్చినందుకు ఇద్దరు తల్లులు నన్ను నిలదీశారు.

"ఊరు పెరగొద్దంటారా మాస్టారూ? మీరు ఇల్లు కట్టుకున్నారు, మిగతావాళ్లు వద్దా?" అని అడిగినవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. మా అబ్బాయికి కూడా ఇల్లు కావాలి. పెరగవద్దనడం లేదు. కానీ పెరిగిన ఊరు తాగే నీరు ఎక్కడిదో కూడా ఆ ప్రశ్నలో భాగమే. ముడసర్లోవ ఈ ఊరి పాత మంచినీటి వనరుల్లో ఒకటి. తర్వాత గోస్తనీ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ వచ్చాయి. అవీ చాలక ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో నీరు తెచ్చుకుంటున్నాం, గోదావరి దాకా చేయి చాచాం. ఇంటి వెనక ఊటను సిమెంటుతో మూసి, మూడు జిల్లాల అవతలి నది నుంచి నీరు తెచ్చి, దానితో స్నానం చేసి, ఆ మురికిని మూసిన ఊట దారిలోకే వదులుతున్నాం. 8 గంటలకు నేను కొలిచి మురిసిపోయిన 18 లీటర్లు బహుశా ఎక్కడో గోదావరి పరిసరాల్లో పడిన వాన.

సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి ఇంకొక చిక్కు. భూమి కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, ఉప్పునీరు బరువు కాబట్టి. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల దాకా ఉప్పునీటిని అణచి ఉంచుతుంది. ఇది వందేళ్లకు పైగా తెలిసిన లెక్క. దీన్ని తిరగేసి చదవండి. పైన ఇంకడం తగ్గి, బోర్లు తోడడం పెరిగి, ఆ ఒక్క మీటరు పడిపోతే కింద నుంచి 40 మీటర్లు ఉప్పునీరు లేస్తుంది. అది ఒక్క రోజులో జరగదు, జరిగాక ఒక్క వానాకాలంతో వెనక్కీ పోదు. బీచి రోడ్డు వైపు ఉన్న మా బంధువుల ఇంట్లో బోరు నీటితో కాచిన టీ ఒకసారి తాగాను. మర్యాద కోసం పూర్తిగా తాగాను.

చివరిగా ఒక పని మిగిలింది. తెల్లవారుజామున వచ్చిన ఆ లీటరున్నర అయినా నిజంగా కొండదేనా? జూన్ మొదటి వారంలో, వానలు అందుకోకముందే, గెడ్డ వెంట పైకి నడిచాను. మేకలు తోలుకుని పోతున్న ఒక పెద్దాయన తోడు వచ్చాడు. గెడ్డ పేరు అడిగితే కాస్త ఆలోచించి, "మా నాన్న ఉన్నప్పుడు ఒక పేరు ఉండేది బాబూ, ఇప్పుడు అందరూ కాలువే అంటున్నారు" అన్నాడు. చివరి ఇల్లు, చివరి కరెంటు స్తంభం దాటాక ఇంకా పావుగంట ఎక్కాం. రెండు బండల మధ్య, ఫెర్న్ ఆకుల కింద నుంచి నీరు వస్తోంది. చేయి పెడితే చల్లగా ఉంది. లీటరు సీసా నిండడానికి రెండున్నర సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 400 మిల్లీలీటర్లు. తెల్లవారుజామున కింద నేను పట్టిన లీటరున్నరలో మిగతా భాగం కారిపోయే కుళాయిలదీ, రాత్రంతా పొంగే ట్యాంకులదీ అయి ఉంటుంది. నా పద్ధతిలో కూడా లోపం ఉందన్నమాట. ఆ బండల మధ్య ఒక రాయి తిప్పి చూశాను. తూనీగ పిల్ల ఒకటి వెనక్కి నడుచుకుంటూ నీడలోకి పోయింది.

దిగి వచ్చేటప్పుడు గెడ్డ అంచునే నడిచాను, రెండు పక్కలా గోడల్లోంచి బయటికి వచ్చిన గొట్టాలను లెక్కపెడుతూ. మొదటిది చివరి కరెంటు స్తంభం దగ్గరే ఉంది, బట్టల సబ్బు నురగతో. కల్వర్టు చేరేసరికి మొత్తం 41. వాటిలో పదిహేడోది గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది, ఎందుకంటే దాన్ని నేను ఎప్పుడూ ఈ వైపు నుంచి చూడలేదు. బూడిద రంగు, నాలుగంగుళాలు, మూతి దగ్గర చిన్న పగులు. దాని పైన గోడకు అవతల మా తులసికోట కనిపిస్తోంది.